రాజన్న మంచం కింది ఇసుక

బేరంలో ఎన్ని అబద్ధాలు ఆడానో నాకే గుర్తులేదు. కానీ ఇది మాత్రం జరిగింది... మా నాయన కిరాణా కొట్టు తరాజు మీద ఒట్టు.

సౌదీలోని అల్ ఖర్జ్‌లో డెయిరీ ఫారం. నేను స్టోరులో, రాజన్న ఆవుల దగ్గర. ఇద్దరిదీ జగిత్యాలే. సౌదీ వాళ్లు తక్కువున్నారని స్థానికుల కొలువుల లెక్క చూసే నితాఖత్‌లో మా కంపెనీని ఎర్ర రంగులో పెట్టారు. మా ఇఖామాలు, అంటే అక్కడ ఉండే పర్మిట్లు, రెన్యూవల్ కాలేదు. ఇఖామా లేకుండా ఆసుపత్రికి పోతే పట్టుకుంటారని ఛాతీనొప్పిని దాచుకుని, రాజన్న మంచంలోనే పోయాడు.

శవం మార్చురీలో... నెలలు. కాగితాలు కదలవు. చివరికి వాళ్లావిడ ఫోన్లో, "ఇంకెన్నొద్దులు తమ్మీ? ఆడనే మట్టి జెయ్యమను" అంది. తెల్లారితే ఆ మాట నేను ఆఫీసులో చెప్పాలి.

ఆ రాత్రి క్యాంపులో కరెంటు లేదు. బయట, ఇసుకలో ఉన్న రాజన్న ఇనుప మంచం మీదే పడుకున్నాను.

సర్ర్...

కింద. ఇసుక లోపల.

ఫోన్ లైటు వేశాను. ఇసుకలో రెండు కళ్లు... ఆవగింజలంత. హమ్మయ్య, దస్సాస్. ఇసుకపామును అరబ్బులు అలా అంటారు. తలా తోకా ఒకేలా మొద్దుగా ఉంటాయి. విషం లేదు. నాగుల పంచమికి రాజన్న ఫారం పాలు తెచ్చి దాని ముందు పోసేవాడు. ఇసుకే తాగేది. రెండు తలల పాముకు మన దగ్గర లక్షలిస్తారట అని నేను ఆశపడితే, "దీన్ని గూడ బేరం వెడ్తవా సేటూ?" అని నవ్వేవాడు. తర్వాత అరచేత్తో ఇసుక మీద తట్టేవాడు. పాము ఆ చప్పుడు వైపే జరిగేది.

లైటు ఆర్పాను.

తప్... తప్...

మెత్తగా. నా కాళ్ల వైపు.

మళ్లీ లైటు వేశాను. ఎవరూ లేరు. కళ్లు మాత్రం మునిగిపోయాయి. ఇసుక సన్నగా గీతలా ఉబ్బుతూ... మెల్లగా... మెల్లగా... అటే పోయింది. ఒకచోట ఆగింది. అక్కడ ఎవరైనా కూర్చుని ఉంటే, సరిగ్గా వాళ్ల మోకాళ్ల ముందు.

లేచి కూర్చున్నాను. అడిగాను.

"అన్నా... ఇంటికి పోతవా? ఈడనే ఉంటవా?"

లైటు ఆర్పాను.

తప్.

ఒక్కటే.

ఒక్కటంటే పోవడమో, ఉండడమో ముందు మాట్లాడుకోలేదు. ఇంత బేరగాణ్ని... ఆ మాత్రం తట్టలేదు.

తెల్లారి వదిన ఫోన్. "ఆఫీసుల జెప్పినవా తమ్మీ?"

"లేదు. ఇంకొన్నొద్దులు ఆగు వదినా."

ఎందుకని అడగలేదు. ఆగింది.

రాజన్న ఇంకా ఆ మార్చురీలోనే ఉన్నాడు. ఆ ఒక్క తట్టుతో 'ఇంటికి పోత' అన్నాడనుకున్నాను. 'ఈడనే ఉంట, ఇగ ఇడిశిపెట్టు' అన్నాడేమో... లేక అక్కడ అసలు ఎవరూ ఏమీ అనలేదేమో.