పిన్ని తోలుబూటు

మొన్న మోకాలి నొప్పికని ఫిజియోథెరపీకి వెళితే, పక్క బల్ల మీద ఒకాయన చీలమండకు తెల్లటి ప్లాస్టిక్ పట్టీ తొడుక్కుంటున్నాడు. పక్షవాతం వచ్చి పాదం వేలాడిపోయినవాళ్లకట. చిన్న మర తిప్పితే పాదాన్ని ఎంత పైకి కావాలంటే అంత నిలబెడుతుంది. అడిగి చేతిలోకి తీసుకున్నాను. బరువే లేదు. మా పిన్ని పట్టీ గుర్తొచ్చింది.

ఎనభైల మొదట్లో జంషెడ్‌పూర్‌లో, గోల్‌మురి కంపెనీ క్వార్టర్లలో మా ఇల్లూ పిన్ని ఇల్లూ పక్కపక్కనే. పిన్ని కూరగాయలవాడితో హిందీలో బేరమాడితే లైను చివరిదాకా వినిపించేది. ఒక ఉదయం బట్టలు ఆరేస్తూ కూలబడింది. మాట తొందరగానే తిరిగొచ్చింది. ఎడమ చెయ్యి సగమే వచ్చింది. ఎడమ పాదం మాత్రం నేలను రాసుకుంటూ ఈడ్చుకొచ్చేది. ఆస్పత్రిలో పట్టీ చేయించారు. మగవాళ్ల నల్ల తోలుబూటు, దానికి రెండు పక్కలా పిక్కదాకా ఇనుప కడ్డీలు, చీలమండ దగ్గర బిగించుకునే మర. అది వేసుకుంటే పిన్ని నడక కవాతులా ఉండేది గాని, పడేది కాదు.

చిక్కల్లా వాళ్ల అత్తగారితో వచ్చింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఆ ముసలావిడ మడి మనిషి. "తోలు తొడుక్కుని పొయ్యికాడికి వత్తావేటి?" అంది. ఇక పిన్ని బూటు గుమ్మం బయట విప్పేసి, గోడ పట్టుకుని వంట చేసేది. ఒకరోజు గంజి వారుస్తూ పడింది. చెయ్యి కాలింది. ముసలావిడే లేవదీసింది.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి ఆవిడ పిన్ని ముందు నేల మీద కూర్చుని ఉంది. బూటు మీద పసుపునీళ్ల మరకలు. ఒంటిచేత్తో పిన్ని లేసులు కట్టుకోలేకపోయేది, అప్పటిదాకా బాబాయే కట్టేవాడు. పిన్ని కాలు వెనక్కి లాక్కుంది.

"నా కాలు నువ్వు పట్టుకోడమేటత్తా, పాపం."

"కాలు సాపు. నువ్వు పడితే నన్నెవులు సూత్తారు?"

ఆ రోజు నుంచి లేసులు ముసలావిడే కట్టేది. పిన్ని బూటుతోనే వంటింట్లో తిరిగింది, తర్వాత బజారుకూ ఒక్కతే వెళ్లింది. ముసలావిడ మాత్రం మొదట్లో లేసులు కట్టగానే తలస్నానం చేసేది, జంషెడ్‌పూర్ చలికాలంలో కూడా. కొన్నాళ్లకు కాళ్లూ చేతులూ కడుక్కునేది. ఆ తర్వాత కొంగుకు చేతులు తుడుచుకుని టీ అడిగేది. ఏది ఎప్పుడు మానేసిందో మాలో ఎవరూ గమనించలేదు. కాలం మా ఇళ్లలో చేసిన పెద్ద పనులన్నీ ఇలా మేం చూడనప్పుడే అయిపోయాయి.