ఎడారి గులాబికి అత్తగారు

నా చిన్నప్పుడు మా మాచర్ల ఎండలకు, ఉతికిన చొక్కా పిండేలోపే ఆరిపోయేది. ఇక్కడే ఒక మాట ఒప్పేసుకుంటాను. నాకు పెంచి చెప్పే అలవాటు ఉంది. మా ఆవిడ నా మాటను సగానికి కోసి, ఆ సగాన్ని కూడా జల్లెడ పట్టిగాని నమ్మదు. మీరూ అలాగే చదువుకోండి.

ఎనభైల్లోని సంగతి. పక్కింటి అక్క అప్పుడే కొత్తగా కాపురానికి వచ్చింది. బావ లారీలో నాపరాళ్లు వేసుకుని బెంగళూరు వెళ్లేవాడు. ఒకసారి తిరుగుదారిలో అక్క కోసం ఒక మొక్కను తెచ్చాడు, అంత దూరమూ క్లీనరు ఒళ్లో కూర్చోబెట్టి. ఎడారి గులాబి అట దాని పేరు. అడుగున గుమ్మడికాయంత బొజ్జ, బొజ్జ మీద వేళ్లంత కొమ్మలు, కొమ్మల చివర ఎర్రటి మొగ్గలు. కుండీలో అది కూర్చున్న తీరు, పెళ్లిభోజనం చేసి అరుగు మీద వాలిన పెద్దమనిషిలా ఉండేది. దాన్ని చూడటానికి కారంపూడి నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. నీళ్లన్నీ ఆ బొజ్జలోనే దాచుకుంటుందనీ, మట్టి బాగా ఎండితే తప్ప పోయవద్దనీ మొక్కలమ్మినవాడు బావకు గట్టిగా చెప్పి పంపాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. మా వైపు నీళ్లకు కటకట. బోరింగు కొట్టీ కొట్టీ మా వీధి ఆడవాళ్ల చేతులు పహిల్వాన్ల చేతులైపోయాయి. అందుకే మనిషికైనా మొక్కకైనా నీళ్లివ్వడాన్ని మించిన ప్రేమ మా వాళ్లకు తెలియదు. ఎండలో మొక్క కనిపిస్తే బిందె మోసుకొచ్చేవాళ్ల చెయ్యి ఊరుకోదు. పోతూ పోతూ ఇంత వంచి పోతారు. బియ్యం కడిగిన నీళ్లూ దానికే, పప్పు కడిగిన నీళ్లూ దానికే. ఎదురింటి మామ్మయితే తాను తాగే చెంబులో సగం దానికి పోసి, "ఏమే, మొక్కని ఎండబెట్టి చంపుతావా ఏంది? మీ పుట్టింట్లో నీళ్లకి కరువా?" అని దెప్పేది.

అక్క నవ్వి ఊరుకునేది. కొత్తగా వచ్చిన పిల్ల పెద్దవాళ్లను పోయవద్దంటే, చూడు దీని పొగరు అని వీధంతా మొహం తిప్పుకుంటుంది. అనకపోతే మొక్క పోతుంది. మొగ్గలు రాలాయి, ఆకులు పండి రాలాయి. ఒకరోజు అక్క ఆ కుండీని మా పెరట్లోకి తెచ్చి మా తాతయ్య ముందు దించింది. నేను వేలు పెట్టి నొక్కితే బొజ్జ ఒక పక్క మెత్తగా లోపలికి దిగింది. "పొయ్యొద్దని చెప్పే నోరు నాకు లేదు తాతా. చెప్పకపోతే ఇది బతకదు" అని అక్క కొంగుతో కళ్లొత్తుకుంది.

తాతయ్య కుళ్లిన మేర కోసేసి, పసుపు అద్ది, కొన్నాళ్లు నీడన ఆరబెట్టాడు. తరువాత ఇసుకా నాపరాతి ముక్కలూ కలిపిన కుండీలో నాటి, మళ్లీ అక్క అరుగు మీదే పెట్టాడు. దాని పక్కనే ఒక పెద్ద గోలెంలో మా పెరటి అరటిపిలకను నాటాడు. అరటికి బొట్టు పెట్టి, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మామ్మ చెంబుతో రానే వచ్చింది.

"ఆగు వదినా. ఈ అరటి ఎవరనుకున్నావు? ఆ మొక్కకి అత్తగారు."

"మొక్కకి అత్తేందయ్యా, ఎండకి మతి పోయిందా?"

"బెంగళూరోళ్ల మర్యాదలు చానా గట్టివి. అత్త తాగందే కోడలు గుటక వెయ్యదు. నువ్వు అత్తకి పొయ్యి. కోడలి సంగతి ఆమే చూసుకుంటది."

మామ్మ అరటి వంక చూసింది, అక్క వంక చూసింది. "మా కోడలిని పిలిచి చూపించాలి దీన్ని" అంటూ చెంబంతా అరటికి వంచేసింది.

సాయంత్రానికల్లా వీధంతా నమ్మేసింది. బిందెలన్నీ అత్తగారి మీదికే వంగాయి. ఆ అరటి పెరిగిన పెరుగుడు ఏమని చెప్పను! ఆర్టీసీ డ్రైవర్లు దాని ఆకుల నీడన బస్సు ఆపుకుని కునుకు తీసేవాళ్లు. గెల దింపడానికి క్వారీ నుంచి క్రేను తేవాల్సి వచ్చింది. ఈ సందట్లో కోడలు హాయిగా ఎండ కాచుకుని, చిగుళ్లు వేసి, అరుగంతా వెలిగేలా గులాబిరంగు పూలు పూసింది. "చూశావటే, నా చెంబు చలవ!" అంది మామ్మ. "మరే మామ్మా" అంది అక్క.

బస్సూ క్రేనూ అబద్ధాలని మీకు తెలుసు కాబట్టి వాటిని కల్పన కింద జమకట్టను. నేను నిజంగా కల్పించింది ఒక్కటే, వీధంతా నమ్మిందన్న మాట. ఒక్కరూ నమ్మలేదు. నాకు మీసాలొచ్చాక ఆ మామ్మే చెప్పింది. "మొక్కకి అత్తేందిరా, ఆమాత్రం మాకు తెలవదా? మా నీళ్లకే కుళ్లిందని మీ తాత నోటితో అనలేదు. చెంబు ఎక్కడ వంచాలో చూపించాడు. వంచాం."

ఇప్పటికీ, ప్రేమగా ఏదో చేయబోయేవాళ్లను వద్దనాల్సి వస్తే, ఆ ప్రేమ పోయడానికి ఇంకో చోటు కోసం ముందు వెతుకుతాను. అది దొరికాకే నోరు తెరుస్తాను.