గడియారాల మావయ్య, ఏడు కాలింగ్ బెల్లులు

కాలింగ్ బెల్ ఎంచుకోవడం కోసం గడియారాల మావయ్య మూడేళ్లపాటు సొంత గుమ్మం బయటే కాపురం పెట్టాడు. అక్కడే తిన్నాడు, అక్కడే గడ్డం గీసుకున్నాడు. కొరియర్ కుర్రాడైతే ఆయన్ని తలుపుతోపాటు బిగించిన సామాను అనుకుని పలకరించడం కూడా మానేశాడు. ఎలక్ట్రికల్ షాపు నడిపే మేనకోడలు ఈ కథ ఎవరికి చెప్పినా ఇలాగే మొదలుపెడుతుంది.

పరీక్షించనిదే మావయ్య ఏదీ కొనడు. గొడుగు కావాలంటే వాన పడేదాకా షాపు ముందు కాచుకుంటాడు. ఇక ఆయన చెవులు మామూలు చెవులు కావు. నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన చెవులు. వీధి చివర నిలబడి ఏ ఇంట్లో గోడగడియారం వెనకబడిందో చెప్పేస్తాడు.

అలాంటివాడు, వచ్చినవాళ్ల మొహం చూపించే వీడియో బెల్ కావాలన్నాడు. మొదటిది మర్నాడే తిరిగొచ్చింది. బెల్ నొక్కి, లోపలికి పరుగెత్తి తెర చూస్తే గుమ్మం ఖాళీగా ఉందట. అయిదుసార్లు నొక్కినా అంతేనట.

“నొక్కినవాడు పారిపోతున్నాడమ్మా. ఇది పట్టుకోలేకపోతోంది.”

“ఆ పారిపోయేది నువ్వే కదా మావయ్యా.”

రెండోది ఆయన బట్టతల ఒక్కటే చూపించింది. అబద్ధాల కెమెరా అని తిప్పి పంపాడు. మూడోది మొదలు ఆయనది ఒకటే పాట, వినపడటం లేదని. నాలుగోది మోగితే షాపులో బల్బులు అదిరాయి. ఆయన మాత్రం చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, మోగిందా అని అడిగాడు.

ఆ ఇంట్లో గొడవ మేనకోడలికి తెలుసు. నెల క్రితం అత్తయ్య చెల్లెలు వచ్చి అరగంట బెల్ కొట్టింది. వంటింటి కిటికీలోంచి అక్క వీపు కనిపిస్తూనే ఉంది, అక్క మాత్రం తిరగలేదు. ఇక ఆ గడప తొక్కనని అలిగి వెళ్లిపోయింది. పని మధ్యలో చిరాకేసి బెల్ వైరు తనే పీకేశానని మావయ్య ఒప్పుకున్నాడు. అప్పటినుంచి అత్తయ్య ఆయన్ని తిట్టని పూట లేదు.

ఆరూ తిరిగొచ్చాక, ఏడోది బిగించడానికి మేనకోడలే వెళ్లింది. పాత బెల్ విప్పబోతే దాని స్క్రూల మీద తుప్పు చెక్కుచెదరలేదు. ఆ వైరు ఎవరూ పీకలేదు. సరే అని కొత్తది బిగించి నొక్కింది. మోగే పెట్టె కిందే గిన్నెలు తుడుస్తున్న అత్తయ్య తల తిప్పలేదు.

మేనకోడలు మావయ్య వైపు చూసింది. ఆయన గోడ వైపు చూశాడు.

“నాకు వినపడలేదమ్మా,” అన్నాడు. “నాకే.”

మేనకోడలు ఆ బెల్‌కి తోడు ఒక వాచీ తెచ్చింది. బయట నొక్కితే అది మణికట్టు మీద వణుకుతుంది, వచ్చినవాళ్ల మొహం చూపిస్తుంది. ముళ్లు లేనిది గడియారమే కాదని నలభై ఏళ్లు అందరినీ ఈసడించిన మనిషి, దాన్ని తన చేత్తోనే అత్తయ్యకు కట్టాడు. తనకు చెవుడొచ్చిందని, ఇకమీదట గుమ్మం ఆవిడే చూసుకోవాలని గట్టిగా చెప్పాడు.

“ముందే చెప్పి ఏడవచ్చుగా,” అంది అత్తయ్య, బోలెడు జాలితో.

తర్వాత ఆయన మరదలికి ఫోన్ చేసి, తనను తిట్టడానికైనా ఒక్కసారి రమ్మన్నాడు. ఆ చెల్లెలు వచ్చి బెల్ నొక్కి, మీట మీంచి వేలు తీసేలోపే తలుపు తెరుచుకుంది. అక్కాచెల్లెళ్లిద్దరూ గుమ్మంలోనే చాలాసేపు ఉండిపోయారు.

అక్క టీ పెడుతుంటే మేనకోడలు ఆ చెల్లెలి చెవి దగ్గర చేరి, మావయ్య మూడేళ్ల గుమ్మం కాపురం గురించి గుసగుసగా మొదలుపెట్టింది. గడ్డం దాకా వచ్చేసరికి, వెనక గదిలో ఎవరిదో గడియారం విప్పుకుని కూర్చున్న మావయ్య తల ఎత్తకుండానే అన్నాడు:

“మూడేళ్లు కాదు, పదకొండు రోజులు. గడ్డం లోపలే గీసుకున్నాను.”