ఒక్క ఫోటోలోంచి మూడు చెరువులు

హెచ్.డి.ఆర్. అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇప్పుడు ఆ మూడక్షరాలూ ప్రతి ఫోనులోనూ ఉన్నాయి, ఎవరూ పట్టించుకోరు. నేను చెప్పేది రెండువేల ఎనిమిది, తొమ్మిది ప్రాంతాల్లో మా ఫోటోగ్రాఫర్లకు పట్టిన పిచ్చి గురించి. ఆకాశం నిండా బొగ్గు మబ్బులు, కళ్ళు పొడిచే పచ్చగడ్డి, ఇత్తడి చెంబు తోమినట్టు మెరిసే మనుషుల మొహాలు. అలాంటివి తయారుచేసి ఒకరికొకరం చూపించుకుని అబ్బ అనుకునేవాళ్ళం. ఆ అబ్బ అన్నవాళ్ళలో నేను ముందు వరసలో ఉన్నాను.

అప్పుడు నాకు తాడేపల్లిగూడెంలో చిన్న స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళే బతుకు. పెంటపాడు, గణపవరం, తణుకు, ఎక్కడ పందిరి వేస్తే అక్కడికి బ్యాగు తగిలించుకుని పోవడం, తిరిగొచ్చి కంప్యూటరు ముందు కూర్చుని పెళ్ళికూతుళ్ళ మొటిమలు తుడవడం. ఈ రెండో పనిలో నా చెయ్యి ఎంత తిరిగిందంటే, మౌస్ పట్టుకుంటే చాలు, వేలు తనంతట తనే మచ్చల్ని వెతుక్కుంటూ పోయేది. మచ్చ కనపడితే పక్కన ఉన్న నున్నటి చర్మం కొంచెం తీసి దానిమీద అద్దేస్తాం. రెండు నిమిషాల్లో పెళ్ళికూతురికి అసలెప్పుడూ మొటిమే రానట్టు అయిపోతుంది.

ఆ పనితో విసిగిపోయి ఉన్నప్పుడే ఈ హెచ్.డి.ఆర్. అనే కొత్త విద్య నా కంటబడింది. మన కన్ను చూసినంత కెమెరా చూడలేదు. వెలుగున్న ఆకాశానికి సరిపెడితే కింద నేల నల్లబడిపోతుంది. నేలకు సరిపెడితే ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది. అందుకని కెమెరా కదలకుండా స్టాండు మీద పెట్టి, తక్కువ వెలుగుతో ఒకటి, సరిపడా వెలుగుతో ఒకటి, ఎక్కువ వెలుగుతో ఒకటి, మూడు ఫోటోలు తీసి కలుపుతారు. అంత ఓపిక లేనివాళ్ళకు దొడ్డిదారి ఒకటుంది. కెమెరా దాచుకున్న అసలు ఫైలు, మేము రా ఫైలు అంటాం, అది ఒక్కటుంటే చాలు. దాన్నే కంప్యూటర్లో ఒకసారి వెలుగు తగ్గించి, ఒకసారి ఉన్నదున్నట్టు, ఒకసారి పెంచి మూడు కాపీలు చేసుకుని, ఆ మూడూ కలిపెయ్యడమే. నేను ఆ దారి పట్టాను. కనపడ్డ ప్రతి కొబ్బరిచెట్టునూ, లారీనీ, గేదెనూ మూడు చేసి ఒకటి చేశాను.

అలాంటి రోజుల్లో ఒక టీచరు గారు స్టూడియోకి వచ్చారు. పెంటపాడు చర్చిలో ఆవిడ చెల్లెలి పెళ్ళి ఫోటోలు తీసింది నేనే, అలా పరిచయం. ఆవిడ కొల్లేరులో ఒక లంక ఊళ్ళో కాపురముంటూ అక్కడి బడిలోనే పాఠం చెబుతున్నారు.

"ఏవండీ, ఒక్క పూట మా ఊరు రావాలండి. పెళ్ళి కాదండి, మా మంచినీళ్ళ చెరువు ఫోటో తియ్యాలి," అన్నారు.

సంగతేమిటంటే, ఆ ఊరు మొత్తానికి తాగే నీళ్ళు ఒక్క చెరువువే. దాన్ని ఆనుకుని ఒక ఆసామి చేపల చెరువులు. చేపలు పట్టుబడికి వచ్చినప్పుడల్లా ఆయన తన చెరువుల్లో నీళ్ళు తూము ఎత్తి వదిలేస్తాడు. చేపలకి మేతగా కోళ్ళ పెంట వేసిన నీళ్ళు, మందులు కలిసిన నీళ్ళు, అవన్నీ వచ్చి మంచినీళ్ళ చెరువులో పడతాయి. బడి పిల్లలకి వాంతులు, ఒళ్ళంతా దద్దుర్లు. ఆవిడ మూడుసార్లు అర్జీ పెట్టారు. ప్రతిసారీ తనిఖీకి ఇంజినీరు గారు వచ్చే సంగతి ఆసామికి ముందే తెలిసిపోతోంది. ఇంజినీరు గారు వచ్చేసరికి తూము మూసి ఉంటుంది, చెరువు మీద తెట్టు తీసేసి ఉంటుంది.

"ఈ వారంలో పట్టుబడి ఉందండి. ఆ నీళ్ళు పడుతుండగా ఒక్క ఫోటో ఉంటే, ఏలూరు తీసుకెళ్ళి ఆఫీసరు గారి బల్ల మీద పెడతానండి. ఆ తూము శాశ్వతంగా మూయిస్తే చాలండి, నాకింకేం అక్కర్లేదు."

గణపవరం దాటి బండి మీద వెళ్ళాను. కొంతదూరం పోయాక రోడ్డు అంటే చెరువుగట్టే. గట్ల పొడుగునా కోళ్ళ పెంట బస్తాలు పేర్చి ఉన్నాయి. వాటి మీద ఈగలు. ముక్కుకి చేతిరుమాలు కట్టుకున్నా లాభం లేకపోయింది. ఆ వాసన ముక్కుతో పీల్చేది కాదు, గొంతులో పేరుకునేది. ఊరు చేరేసరికి నాకు పొద్దున తిన్న ఇడ్లీ మీద నమ్మకం పోయింది.

తూముకి ఎదురుగా నిలబడి తియ్యాలంటే నీళ్ళ మీదకి వెళ్ళక తప్పదు. టీచరు గారి భర్త తాటిదోనె తెచ్చి, నన్ను ఎక్కించుకుని గెడ వేశారు. గుర్రపుడెక్క తప్పించుకుంటూ చెరువు మధ్యకి వెళ్ళాం. తూములోంచి నల్లగా, నురగలు కక్కుతూ నీళ్ళు దూకుతున్నాయి. ఆ నల్లటి నీళ్ళ మీద చిన్న చేపలు వెల్లకిలా తేలి, తెల్లటి పొట్టలు ఎండకి చూపిస్తూ, దోనె పక్కనుంచి మెల్లగా వెళుతున్నాయి. కొన్నింటికి ఇంకా మొప్పలు ఆడుతున్నాయి. అటు ఒడ్డున రేవులో ఒకావిడ చేత్తో తెట్టు పక్కకి తోసి బిందె ముంచుకుంటోంది. నాకు అసహ్యంతో ఏడుపొచ్చింది.

దోనె ఊగుతోంది. అందులో స్టాండు ఎలాగూ నిలవదు. ఒక్క ఫోటో తీశానో లేదో, గట్టు మీంచి ఎవరో "ఏయ్, ఎవరక్కడ!" అని కేకేశారు. ఇంకో రెండు నిమిషాల్లో తూము పలక దభీమని దిగింది. నాకు దక్కింది ఆ ఒక్కటే.

స్టూడియోకి వచ్చి తెరిచి చూస్తే గుండె జారింది. ఆకాశం బాగానే వచ్చింది. తూము, నీళ్ళు గట్టు నీడలో పడి మొత్తం నలుపు. నురగా లేదు, ఏమీ లేదు. ఎండలో ఉన్న చేపల పొట్టలు మాత్రం వెలుగు ఎక్కువై తెల్లగా కాలిపోయాయి. ఇది చూపిస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. అప్పుడు నా కొత్త విద్య గుర్తొచ్చింది. ఒక్క ఫోటోనే మూడు చేసి కలిపాను. నిజం చెప్పొద్దూ, అద్భుతంగా పనిచేసింది. నీడలోంచి తూము బయటికొచ్చింది, నురగ బయటికొచ్చింది, చెరువులోకి పాకుతున్న నల్లటి పాయ గీత గీసినట్టు కనపడింది.

అక్కడ ఆగాల్సింది. బుద్ధున్నవాడెవడైనా అక్కడ ఆగేవాడు.

నేను గొప్పకు పోయాను. కలెక్టరాఫీసుకి వెళ్ళే ఫోటో కదా, పెద్దవాళ్ళ చేతిలో పెట్టేది కదా, చూడగానే బాగుండాలి. మా వైపు అదొక జబ్బు. పెద్దాయన దగ్గరికి ఏడవడానికి వెళ్ళినా పళ్ళు పట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళతాం. రంగు కొంచెం పెంచాను. ఇంకొంచెం పెంచాను. నల్లటి నీళ్ళకి నెమలికంఠం రంగు వచ్చింది. నురగ అంచులకి బంగారు జరీ వచ్చింది. గుర్రపుడెక్క పచ్చగా నవ్వుతోంది. ఇక మిగిలినవి ఆ తెల్లటి చుక్కలు. ఒక్క ఫోటోతో చేసే పనిలో లోపం అదే. తెల్లగా కాలిపోయిన చోట అసలు వివరమే ఉండదు, ఎన్ని కాపీలు తీసినా లేనిది రాదు. అందుకని ఆ పొట్టలు బూడిదరంగు మరకల్లా తేలాయి. అంత అందమైన నీళ్ళ మీద మరకలు. నా వేలు బ్రష్ అందుకుంది. పక్కన ఉన్న నున్నటి నీళ్ళు తీసి మరక మీద అద్దింది. ఒక్కటి, ఇంకొకటి, అలా అన్నీ.

అవి చేపలని నీకు తెలియదా అని ఎవరైనా అడగొచ్చు. తెలుసు. దోనెలో కూర్చుని ఏడుపు ఆపుకున్నవాణ్ణి నేనే. కానీ ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు చేపలు కనపడలేదు, మచ్చలు కనపడ్డాయి. దీనికి ఇంతకన్నా మంచి సంజాయిషీ నా దగ్గర లేదు.

టీచరు గారు మామూలు సైజు చాలన్నారు. నేను గోడకి తగిలించేంత ప్రింటు వేయించి, లామినేషన్ చేయించి, మూలన స్టూడియో పేరు బంగారు అక్షరాలతో కొట్టించాను. సోమవారం అర్జీలు తీసుకునే రోజు, నేనే కాగితం చుట్టి ఏలూరు పట్టుకెళ్ళాను. కలెక్టరాఫీసు వరండాలో వరసలో నిలబడి ఆవిడ కాగితం విప్పారు. చాలాసేపు చూశారు.

"బావుందండి," అన్నారు. ఫోటోని కళ్ళకి దగ్గరగా తీసుకుని, "చేపలు కనపడట్లేదేంటండీ?" అన్నారు.

"దగ్గరగా చూస్తే అంతేనండి, దూరం పెట్టి చూస్తే మొత్తం తెలుస్తుంది," అన్నాను. సిగ్గులేకుండా అన్నాను. ఆవిడ నన్ను నమ్మి, ఫోటో కొంచెం దూరం పెట్టి మళ్ళీ చూశారు. ఇంతలో లోపలికి పిలిచారు.

ఆఫీసరు గారు అర్జీ చదవలేదు. ఫోటో రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు.

"అబ్బ! ఎక్కడమ్మా ఇది?"

"మా ఊరి మంచినీళ్ళ చెరువేనండి."

"ఇంత చక్కటి చెరువు పెట్టుకుని కంప్లైంటేమిటమ్మా?"

"అవి నల్లటి నీళ్ళండి సార్. చేపల చెరువుల్లోంచి వదులుతున్నారండి. పిల్లలు తాగలేకపోతున్నారండి. ఫోటోలో ఇలా పడిందిగానీ..."

ఆయన వినడం లేదు. ఫోటో పక్క బల్ల ఆయనకి ఇచ్చారు, ఆయన ఇంకొకరికి ఇచ్చారు. "ఎవరు తీశారండీ?" అన్నారు ఆఫీసరు గారు. అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే నా మీద నాకే రోత. పళ్ళికిలించి ముందుకొచ్చి, "నేనేనండి," అన్నాను. మా హాల్లోకి ఇలాంటిది ఒకటి చేసిపెడతారా అని అడిగారు. "తప్పకుండానండి," అన్నాను. టీచరు గారు నా వైపు చూడలేదు. అర్జీ కాగితం అంచులు సరిచేసి మళ్ళీ బల్ల మీద పెట్టారు.

కొన్ని వారాలకి ఆవిడ స్టూడియోకి వచ్చి ఒక కాగితం నా ముందు పెట్టారు. ఆఫీసు నుంచి వచ్చిన జవాబు. "అర్జీదారు స్వయముగా సమర్పించిన ఛాయాచిత్రమును బట్టి సదరు చెరువు నందలి నీరు పరిశుభ్రముగా ఉన్నట్లు కనబడుచున్నందున అర్జీ ముగించడమైనది." నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ తిట్టి ఉంటే బావుండేది. "ఇంకో కాపీ ఏమన్నా ఉందాండీ, మామూలుది?" అని మాత్రం అడిగారు.

అసలు ఫైలు ఉంది. నీడలు కొంచెం తెరిచి, రంగు ముట్టుకోకుండా, చేపలు చేపల్లాగే ఉంచి ప్రింటు వేశాను. ఇద్దరం మళ్ళీ ఏలూరు వెళ్ళాం. ఆఫీసరు గారు పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టుకున్నారు. మబ్బు అదే, తూము అదే, నురగ మడత కూడా అదే.

"రెండూ ఒకటే ఫోటో కదండీ. ఏది నమ్మమంటారు?"

"మొదటిది నేను మార్చానండి. చేపల్ని నేనే తుడిపేశానండి. ఇదే అసలుదండి," అన్నాను. వరసలో వెనక ఉన్నవాళ్ళు కూడా విన్నారు.

"ఒకసారి మార్చినవారు రెండోసారి మార్చలేదని నేనెలా రాసుకోనండి?" అన్నారాయన. కోపంగా కాదు, చాలా మర్యాదగానే అన్నారు. మళ్ళీ కొత్తగా అర్జీ పెట్టుకోమన్నారు. మళ్ళీ పట్టుబడి ఎప్పుడో. ఈసారి ఆసామి గట్టు మీద మనుషుల్ని పెట్టకుండా ఉంటాడా?

మనసొప్పక ఆ ఆదివారం కెమెరా తీసుకుని లంక ఊరు వెళ్ళాను. ఇంకొక ఫోటో ఏదైనా దొరుకుతుందేమోనని చెరువు చుట్టూ తిరిగాను. తూము మూసి ఉంది. చేపలు లేవు, నురగ లేదు. నల్లదనమంతా నీళ్ళలో కలిసి అడుక్కి దిగిపోయింది. పైకి మామూలు చెరువు. ఏ కెమెరాకీ దొరికేది ఏమీ లేదక్కడ. ఒక్క రోజు, ఒక్క క్షణం కంటికి కనపడింది, దాన్ని నేను తుడిచేశాను.

టీచరు గారు చర్చి నుంచి అప్పుడే వచ్చారు. నన్ను చూసి, "ఎండలో వచ్చారు, కూర్చోండి," అని లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చారు. ఇంటికొచ్చినవాళ్ళకి ముందు నీళ్ళివ్వడం అందరికీ ఉన్న అలవాటే, ఆవిడ ఆలోచించలేదు. నేనూ ఆలోచించకుండా అందుకున్నాను. గ్లాసులో నీళ్ళు తేటగానే ఉన్నాయి. పెదాల దాకా తీసుకెళ్ళేసరికి గట్టు మీది ఆ వాసన తగిలింది. ఇవి నేను తాగాలి, ఎవరు తాగకపోయినా నేను తాగాలి అనుకున్నాను. చెయ్యి మాత్రం కదలలేదు.

ఆవిడ చూసి గబుక్కున చెయ్యి చాపారు.

"అయ్యో, మర్చిపోయానండి. ఇలా ఇచ్చెయ్యండి. మీకు అలవాటు లేదు కదండీ."

గ్లాసు నా చేతిలోంచి తీసుకుని, గుమ్మం పక్కన కూర్చుని, ఆ నీళ్ళు ఆవిడే తాగేశారు.