నేను చూడని సెకండాఫ్

మా ఆఫీసులో నేను టెస్టింగ్ లీడ్‌ని. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. మా ఆయన దీన్ని కోడిగుడ్డు మీద ఈకలు పీకే పని అంటారు. పద్దెనిమిదేళ్లుగా పీకుతున్నాను, ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. సినిమాల దగ్గరా నా బుద్ధి అంతే. మాది భీమవరం. సినిమాకి వెళ్లొచ్చిన మనిషిని వాకిట్లోనే ఆపి "ఎలా ఉంది?" అని అడిగే ఇంట్లో పుట్టాను. కాళ్ల చెప్పులు విప్పకముందే తీర్పు చెప్పాలి. నాకు నోరెక్కువ కాబట్టి ఇంట్లో తీర్పు నాదే నెగ్గేది.

మాదాపూర్‌లో మా ఆఫీసు వెనక సందులో ఒక టీ బండి ఉంది. సోమవారం నాలుగయ్యేసరికి మేం ముగ్గురం అక్కడ చేరతాం. ఒకరు మా మేనేజరు గారు, గుంటూరు వైపు మనిషి. ఆయన ఒకే ఒక్క హీరోకి అభిమాని. ఆ హీరో సినిమా ఘోరంగా పోతే, "మ్యూజిక్ బాగుందండీ" అని టీ గ్లాసులోకి చూస్తూ అంటారు. దాన్నిబట్టే అది ఎంత ఘోరమో మాకు తెలిసిపోతుంది. రెండో మనిషి మా కంప్యూటర్లు పాడైతే బాగు చేసే తమ్ముడు. జగిత్యాల దగ్గరి ఊరు, ముప్పై ఏళ్లుంటాయి, కొత్తగా పెళ్లయింది. మా మేనేజరు గారూ నేనూ హీరో గురించి కొట్టుకుంటుంటే, "పెండ్లి సీన్ల వంటాయన ఒక్క మాట అన్నడు, విన్నరా?" అని ఎవరూ పట్టించుకోని మనిషి గురించి అడుగుతాడు. మేం వినుండం. అతను ఆ మాట అప్పజెబుతాడు. వింటే సినిమా మొత్తానికీ ఆ మాటే బాగుండేది.

మా సోమవారాలకి ఒక పద్ధతి ఉంది. ముగ్గురూ చూసేదాకా కథ చెప్పకూడదు. చూసినవాళ్లు ఫస్టాఫ్ ఎలా ఉంది, సెకండాఫ్ ఎలా ఉంది, ఇంటిల్లిపాదీ వెళ్లొచ్చా, ఈ మూడింటికే జవాబు చెప్పాలి.

ఇక్కడ నా గుట్టు ఒకటి చెప్పాలి. ఇంటర్వెల్‌కి లేచిపోవడం నాకు అలవాటు. మా అమ్మాయి పదో తరగతిలో ఉన్నప్పుడు, రెండున్నర గంటలు హాల్లో కూర్చుంటే ఇంట్లో పనులు ఎవరు చేస్తారని మొదలైంది. అమ్మాయి ఇంజనీరింగుకి వచ్చినా అలవాటు పోలేదు. ఫస్టాఫ్ నచ్చితే ఉంటాను, లేకపోతే విశ్రాంతి అని తెర మీద పడగానే చేతిసంచీ తీసుకుంటాను. మిగతా కథ ఫోన్లో ఎవరో ఒకరు రాసింది చదువుకుంటాను. సోమవారం టీ దగ్గర, "ఫస్టాఫ్ పర్లేదు, సెకండాఫ్ కొంచెం లాగ్" అంటాను. తెలుగు సినిమాకి ఆ మాట ఎప్పుడు అన్నా సరిపోతుంది. నన్నెవరూ ఎప్పుడూ పట్టుకోలేదు కూడా.

ఒక శుక్రవారం తమ్ముడు నా సీటు దగ్గరికి వచ్చాడు. కంప్యూటరు చూడ్డానికేమో అనుకున్నాను.

"అక్కా, ఒక చిన్న సినిమా వచ్చింది. తెలిసినోళ్లది. కొండాపూర్ మాల్ల ఒక్కటే ఆట ఉన్నది, పొద్దున. జర చూసి చెప్పవా?"

"చూస్తాలే తమ్ముడూ. ఎవరి సినిమా?"

"చూసినంక చెప్త."

శనివారం పొద్దున వెళ్లాను. హాల్లో పట్టుమని పదిమంది లేరు. కాలేజీ, బైకు, ఒక అమ్మాయి వెంట ఇద్దరబ్బాయిలు. ఇంటర్వెల్‌కి ముందు వర్షంలో ఫైటు కూడా పెట్టారు. ఇంటికి కూరగాయలు లేవని గుర్తొచ్చింది. లేచాను, దారిలో వంకాయలూ బెండకాయలూ కొనుక్కుని ఇంటికి పోయాను.

సోమవారం టీ దగ్గర మా మేనేజరు గారు ఇంకా రాలేదు. తమ్ముడు నా గ్లాసు నాకిచ్చి, తనది పట్టుకుని అడిగాడు.

"చూసినవా అక్కా?"

"చూశాను. ఫస్టాఫ్ మామూలే, కాలేజీ గోల."

"సెకండాఫ్ ఎట్లున్నది?"

"లాగ్ అయింది తమ్ముడూ. ఎంతసేపటికీ ముందుకి కదలదు."

అతను తల ఊపాడు. "అట్లనా" అన్నాడు. ఇంతలో మేనేజరు గారు వచ్చి, తన హీరో కొత్త పోస్టరు గురించి మొదలుపెట్టారు. ఎవరి సినిమా అని అడగడం కూడా మర్చిపోయి నేను ఆయనతో వాదనకి దిగాను.

ఆ మర్నాడే మా టీములో ఒక కొత్తమ్మాయిని కేకలేశాను. ప్రోగ్రాముని నడిపి చూడకుండానే పరీక్షలన్నీ పాసయినట్టు రాసేసింది పాపం. "చూడకుండా ఎలా రాస్తావమ్మా? నీ మాట నమ్మి దాన్ని జనానికి ఇచ్చేస్తారు తెలుసా?" అని అరగంట క్లాసు పీకాను. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీతులన్నీ చెబుతున్నప్పుడు నాకు సోమవారం గుర్తైనా రాలేదు.

తర్వాత రెండు సోమవారాలూ తమ్ముడు టీకి రాలేదు. పని ఎక్కువుందన్నాడు. మూడో వారం ఒక సాయంత్రం రాయదుర్గం మెట్రో స్టేషన్లో కనిపించాడు, ఊళ్లోకి ఏదో పనిమీద వెళ్తున్నాడట. జనం లోపలికి తోసుకుపోతున్నారు. నేను అతని చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను.

"ఏం తమ్ముడూ, మామీద అలిగావా?"

"లే అక్కా. సినిమాలు జర బంద్ పెట్టిన."

"చూడ్డమా?"

"రాసుడు."

అప్పుడు చెప్పాడు. ఆ సినిమాకి మాటలు రాసింది ఇద్దరు. ఫస్టాఫ్ డైరెక్టరే రాసుకున్నాడు. సెకండాఫ్ ఇతను రాశాడు, రెండేళ్లు, ఆదివారాలు కూర్చుని. మా కంపెనీలో ఉంటూ ఇంకో పని చేయకూడదు కాబట్టి టైటిల్స్‌లో వేరే పేరు వేసుకున్నాడు. ఆ డైరెక్టరు ఇప్పుడు రెండో సినిమా మొత్తం రాయమన్నాడట. రాయాలంటే ఉద్యోగం మానేయాలి. మానేద్దామని ఇంట్లో ఒప్పించుకున్నాడు. చివరికి మాత్రం తనవల్ల కాదని డైరెక్టరుకి చెప్పేశాడు.

"ఎందుకు?"

అతను చెప్పకపోయినా నాకు తెలిసింది. తేలు కుట్టిన దొంగలాగా నిలబడ్డాను. మెట్రో వచ్చి వెళ్లింది. ఆఖరికి, "తమ్ముడూ, నేను ఆ సెకండాఫ్ చూడలేదు. ఇంటర్వెల్‌కే వచ్చేశాను" అన్నాను.

"తెలుసు అక్కా."

"ఎలా తెలుసు?"

"ఎనక వరసల నేనే ఉన్న. జనం ఎట్ల చూస్తున్నరో చూద్దామని పోయిన. నువ్వు సంచి తీసుకొని లేస్తుంటే చూసిన. నీళ్లకో, బాత్రూంకో పోతున్నవనుకున్న. వస్తవు వస్తవని తలుపుదిక్కే చూసిన. నా సినిమా సగం నేనే చూడలే."

అయినా ఊరుకోలేకపోయాను. "ఫస్టాఫ్ నచ్చక లేచాను తమ్ముడూ. అది నువ్వు రాసింది కాదు కదా?"

"అదే గదా అక్కా. నేను రాసింది ఒక్క మాట నీ చెవుల పడలే. పడకుండనే లాగ్ అన్నవు. సోమారం నేను అడిగినప్పుడు, లేచిపోయిన తమ్ముడూ అని అనుంటే ఎందుకు లేచినవని అడుగుదమనుకున్న. రేపు నౌకరి ఇడిశి రాసినా అందరు గంతే గదా అనిపించింది."

"మిగతావాళ్లు ఉన్నారా?"

"ఏడుగురు ఉన్నరు. ఆఖరిదాక కూసున్నరు."

"మరి ఆ ఏడుగురి మాట చూసుకోవచ్చుగా?"

"వాళ్లెవరో నాకు తెల్వదు అక్కా. నువ్వొక్కదానివే తెలుసు."

ఇంకో మెట్రో వచ్చింది. అతను ఎక్కాడు. నేను ఎక్కలేదు. ఇంటికి వెళ్లి మా ఆయనకి చెబితే, "నీ నోటికి ఎప్పుడో ఒకరోజు ఇలా అవుతుందనుకున్నాను" అన్నారు. ఆ రాత్రి ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు మొహం లేదు. మర్నాడు పొద్దున్నే ఆ కొత్తమ్మాయిని పిలిచి కాఫీ ఇప్పించాను. ఎందుకో ఆ అమ్మాయికి అర్థం కాలేదు, భయపడుతూ తాగింది.

సినిమా అప్పటికే హాళ్లలోంచి పోయింది. ఓటీటీలోకీ రాలేదు. తమ్ముడి దగ్గర లాప్‌టాప్‌లో ఉందని అడిగి తెలుసుకున్నాను. ఆదివారం వస్తానన్నాను. "ఎందుకులే అక్కా" అన్నాడు. నేను వింటానా?

నానక్‌రామ్‌గూడలో పాత ఊరి ఇళ్ల మధ్య రెండు గదుల్లో కిరాయికి ఉంటున్నారు. కిటికీలోంచి చూస్తే ఆకాశం కనపడదు, అద్దాల బిల్డింగులే. తమ్ముడి భార్య నాకు మంచినీళ్లిచ్చి, నవ్వు ఆపుకుంటూ అంది.

"అక్క నడిమిట్ల లేస్తదట గదా. తలుపుకు గొళ్లెం పెట్టాల్నా?"

"పెట్టమ్మా, తాళం కూడా వెయ్యి" అన్నాను. అందరం నవ్వాం. నాకు ప్రాణం కొంచెం కుదుటపడింది.

విశ్రాంతి అని పడ్డ చోటినుంచి పెట్టాడు. నేను తెర చూస్తున్నాను, అతను నన్ను చూస్తున్నాడు. ఇంత కష్టం మీద సినిమా నేనెప్పుడూ చూడలేదు. ఆవులింత వస్తే ఏమవుతుందోనని పళ్లు బిగబట్టి కూర్చున్నాను. పావుగంట పోయాక అతను అక్కడున్నాడన్న సంగతే మర్చిపోయాను.

కాలేజీ కుర్రాడికి ఒక పెద్ద ఆఫీసులో ఉద్యోగం వస్తుంది. అతని తండ్రి తాపీమేస్త్రీ. ఆ బిల్డింగు కట్టినవాళ్లలో ఆయన కూడా ఒకడు. ఒకరోజు కొడుకు మర్చిపోయిన టిఫిను డబ్బా పట్టుకుని వస్తాడు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపుతాడు. మామూలు సినిమా అయితే ఇక్కడ తండ్రి ఒక పేజీ డైలాగు చెబుతాడు, వెనక వయొలిన్లు ఏడుస్తాయి. ఈయన డబ్బా సెక్యూరిటీ చేతికిచ్చి, పోబోతూ ఆగి అంటాడు: "లోపటికి పోనియ్యకున్నా మంచిదే బిడ్డా. పదకొండో అంతస్తుల బాత్రూం గోడ చెమ్మ పడతది. అప్పుడే చెప్పిన, ఇనలే. జర ఎవలకన్న చెప్పు." అంతే, బస్సు కోసం నడుచుకుంటూ పోతాడు.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. కొంగుతో తుడుచుకుంటూ, "ఈ మాట నువ్వే రాశావా?" అని అడిగాను.

"మా బాపు మేస్త్రీయే అక్కా" అన్నాడు తమ్ముడు. తన కళ్లు కూడా తడిశాయి.

సినిమా అయ్యాక నేను వదల్లేదు. నీ కాళ్లకి దణ్ణం పెడతాను, డైరెక్టరుకి ఇప్పుడే ఫోను చెయ్యమన్నాను. వద్దంటూనే ఫోను తీసుకుని బయట మెట్ల మీదికి వెళ్లాడు. అతని భార్య సర్వపిండి చేస్తోంది. ఇద్దరం మెట్లవైపే చెవులు పెట్టాం. రెండు నిమిషాల్లో వచ్చేశాడు.

"ఇంకొకలకు ఇచ్చిండట అక్కా. మొన్ననే."

చూడని దాని మీద తీర్పు చెప్పి ఒక మనిషి పని ఊడగొట్టాను. క్షమించమని అడగడానికి కూడా సిగ్గేసింది. అతను నా మొహం చూసి పక్కన కూర్చుని, సర్వపిండి ప్లేటు నా వైపు జరిపాడు.

"సల్లారిపోతది, తిను. కొంపలేం మునగలే. నౌకరి ఉన్నది, మళ్లొకటి రాస్త. ఈసారి మొత్తం నాదే." అతను బీరువా మీదినుంచి ఒక పాత నోటుబుక్కు తీసి, కలం మూత విప్పాడు. "ఇగ ఇప్పుడు నిజం చెప్పు. యాడ లేచిపోవాలనిపించింది?"

అబద్ధం చెప్పడం చాలా తేలిక. ఎక్కడా అనిపించలేదంటే సరిపోయేది, అతని భార్య కూడా నేను అదే అనాలన్నట్టు చూస్తోంది.

"ఆసుపత్రి సీన్లో. నర్సు వచ్చి వెళ్లాక అది అయిపోయింది తమ్ముడూ. నువ్వే వదల్లేదు."

అతను రాసుకోలేదు. లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని ఆ సీను మళ్లీ పెట్టాడు. నర్సు వెళ్లిపోయింది. ఇంకా నాలుగు నిమిషాలు నడిచింది. మధ్యలో ఒకసారి నేను ఆవలించాను, అతను చూశాడు.

"నిజమే అక్కా" అన్నాడు, అప్పుడు రాసుకున్నాడు.