మా నాయన ‘రేపు’ను తినేసిన పట్టుపురుగులు

మా చిన్నప్పుడు నడిమింట్లో మేము పడుకునేవాళ్లం కాదు... పట్టుపురుగులు పడుకునేవి. మాకు వరండాలో చాపలు.

పెనుకొండకూ హిందూపురానికీ మధ్య చిన్న పల్లె మాది. తొంభైల్లో మా వైపు చాలా ఇండ్లలో ఇదే వరస. నడిమింటి నిండా వెదురు తట్టలు, తట్టల నిండా పురుగులు. మల్బరీ ఆకు వేసిన మరుక్షణం సన్న జల్లు మొదలైనట్టు చప్పుడు...

మా నాయన కష్టజీవి. ఆయనకు ఒక్కటే తెగులు... "రేపు చూద్దాంలే." సైకిల్ పంక్చరా, రేపు. దొడ్డి వెనక కంది కట్టెల కుప్పా, రేపు. ఊళ్లో అందరూ ఆయన్ను "రేపు నాగప్ప" అనేవాళ్లు. ముఖం మీదే అన్నా నవ్వేవాడు.

ఆ ఎండాకాలం మాత్రం అమ్మ నవ్వలేదు. అంతకుముందు పంటకు సున్నం చల్లడం నాయన వాయిదా వేస్తే, రోగమొచ్చి పురుగులన్నీ పోయాయి. "ఈ పంట గూడా పోతే తట్టలన్నీ అమ్మేస్తా. మళ్లా ఈ ఇంట్లో పురుగు మాటే వద్దు" అంది. అమ్మ అన్నదంటే చేస్తుంది. నాకు ఆ పురుగులంటే ప్రాణం... బడి నుంచి రాగానే సంచీ పడేసి ముందు వాటినే చూసేదాన్ని.

పురుగు మాగితే ఇక ఆకు ముట్టదు. ఒళ్లు పసుపు తిరిగి, తల పైకెత్తి గూడు కట్టే చోటు వెతుక్కుంటుంది. అప్పుడు వాటిని ఏరి చంద్రికల మీద వేయాలి. చంద్రిక అంటే పెద్ద వెదురు చాప మీద వెదురు పట్టీని చుట్టలు చుట్టలుగా నిలబెట్టి అల్లినది... ఆ సందుల్లో గూళ్లు కడతాయి. మాకు సొంతవి లేవు. లేపాక్షి పక్కనుండే మా మామ ఇచ్చేవాడు. పోయి తెచ్చుకోవాలి, అంతే.

"చంద్రికలకు పోతాండావా, లేదా?" అని అమ్మ అడిగింది.

"ఇంగా రెండు దినాలుండాది కదా... రేపు పోతాలే."

తెల్లారి లేచి చూస్తే తట్టల అంచుల మీద పురుగులు బయల్దేరి ఉన్నాయి. ఆ ఎండకు ముందే మాగిపోయాయి. ఇక ఆలస్యమైతే తిన్న ఆకుల్లోనే, పెంటికల్లోనే గూళ్లు కట్టేస్తాయి. అలాంటివి హిందూపురం మార్కెట్లో ఎవరూ చేత్తో ముట్టరు.

నాయన సైకిల్ దగ్గరికి పరుగెత్తాడు. టైరు నేలకు అంటుకుపోయి ఉంది. రోడ్డు దాకా పరుగెత్తాడు. బస్సు పోయింది. పక్కింటి రామక్క వాళ్ల చంద్రికలు అడుగుదామంటే, వాళ్లకూ అదే రోజు మాగాయి.

"ఏం నాగన్నా, రేపు రమ్మని పురుగులకు చెప్పలేదా?" అంది రామక్క.

నాయన దొడ్డి వెనక్కి పోయాడు. కాసేపటికి ఆ కంది కట్టెల కుప్పనే లాక్కొచ్చి, దుమ్ము దులిపి మోపులు కట్టడం మొదలుపెట్టాడు!

చంద్రికల బదులు ఆ కట్టెల సందుల్లోనే గూళ్లు కట్టించాలని అమ్మకు అర్థమైపోయింది. చాపలన్నీ పరిచింది. ఇక చూడండి మా ఉరుకులు... నేను, చెల్లెలు, తన పని ముగించుకుని వచ్చిన రామక్క, అందరం ఏరడమే. చల్లగా మెత్తగా పురుగులు, వేళ్లకు అంటుకునే పట్టుపోగు. ఎవరూ అన్నం సంగతి ఎత్తలేదు. పొద్దు వాలేసరికి నడిమింట్లో ఆకు నమిలే చప్పుడే లేదు... కట్టె కట్టెకూ పురుగులు దారం తిప్పుతున్నాయి.

"కట్టెలు తీసేయకపోవడమూ మంచిదే ఆయె. ఇది గూడా నీ రేపు పుణ్యమే" అంది అమ్మ.

ఆ మాటకు ఎప్పుడూ నవ్వే మనిషి ఆరోజు నవ్వలేదు. "తట్టలు అమ్మొద్దు. ఇంగొక్క పంట చూడు" అన్నాడు.

ఆ గూళ్లు మార్కెట్లో అమ్ముడుపోయాయి, తట్టలు ఇంట్లోనే ఉండిపోయాయి. పురుగులు పెరిగేటప్పుడు నాలుగుసార్లు పొర విడుస్తాయి. మావైపు దాన్ని జ్వరం అంటారు. ఆ రోజు అవి తినవు, ఇంట్లోవాళ్లకు తీరిక. అంతకుముందు జ్వరమొస్తే నాయనకు నిద్రే. తర్వాతి పంట నుంచి వాయిదా పడిన పనులన్నీ ఆ రోజుల్లోనే. రెండో జ్వరానికి సైకిల్ బాగైంది. మూడో జ్వరానికే చంద్రికలు గోడకు ఆనించి ఉన్నాయి. "అప్పుడే తెచ్చినావా, ఇంగా చిన్న పురుగులే కదన్నా" అని రామక్క బుగ్గలు నొక్కుకుంది.

అలవాటు ఒక్కరోజులో పోలేదు. నోటికి "రే..." అని వచ్చేది... అక్కడే ఆగి, చెప్పులు తొడుక్కుని బయల్దేరేవాడు. ఆ ఆగడం చూసి అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. తట్టలు అమ్మే మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఇప్పుడు ధర్మవరంలో నా ఇంట్లో పనులు గుర్తుచేయడానికి ఫోను మోగుతుంది... ఒక్క వేలితో నోరు నొక్కేస్తాం, అది మళ్లీ మర్యాదగా మోగుతుంది. ఆ పురుగులకు అంత మర్యాద లేదు. తల పైకెత్తాయంటే మనం లేవాల్సిందే... అలా మమ్మల్ని లేపేవి ఇప్పుడు ఇంట్లో ఏవీ లేవు.

మీ ఇంట్లో ‘రేపు’ అనే మనిషి ఎవరు? వాళ్లను లేపింది ఏది? చెప్పండి, వినాలని ఉంది...