గిర్ని గోడ మీద బేస్తారం

నిన్న పొద్దున హనుమకొండ బజారులో కూరగాయల సంచీతో నడుస్తుంటే, ఏ సందులోంచో అప్పుడే మరలోంచి జారిన బియ్యప్పిండి వాసన, ఆ వేడివేడి తియ్యటి వాసన వచ్చి ముక్కుకు తగిలింది. కాళ్లు వాటంతట అవే ఆగిపోయాయి. పిండిమరను మా వైపు గిర్ని అంటాం. నేను పెరిగింది గిర్నిలో, నా రాత మొదలైంది గిర్ని గోడ మీద. ఇప్పుడు మా కాలనీ వాట్సాప్ గ్రూపు నడిపేది నేనే. నల్లా ఎప్పుడు బంద్, ఏ గల్లీలో అన్నదానం, ఎవరి పాపకు పేరు పెడుతున్నారు, అన్నీ నా వేళ్ల మీదుగానే ఇంటింటికీ చేరతాయి. అంత చక్కగా ఎలా రాస్తారని కొత్తగా దిగినవాళ్లు అడుగుతుంటారు. తొమ్మిదేళ్ల వయసు నుంచీ చేస్తున్న పని, రాకపోతేనే ఆశ్చర్యం.

అప్పట్లో మా కాలనీ అంటే హసన్‌పర్తి పోయే రోడ్డుకు కాస్త ఎడంగా, పత్తిచేన్లలోకి చొచ్చుకుపోయిన నాలుగు వరుసల పెంకుటిళ్లు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు, బజారులో చిన్న దుకాణాలు పెట్టుకున్నవాళ్లు ఉండేవారు. కాలనీ మొదట్లోనే మా పెద్దమ్మ గిర్ని. పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క, రాజమ్మ. ఆమె కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు ఎప్పుడూ పిండి పడి తెల్లగా ఉండేవి. పండుగనాడు తలంటుకుని వస్తే, ఈ నల్లకనుబొమల మనిషి ఎవరా అని ఒక్క క్షణం గుర్తుపట్టేవాళ్లం కాదు. ఆమెకు అక్షరం ముక్క రాదు. అయినా కాలనీ కబుర్లన్నీ ఆమె దగ్గరే ఉండేవి, ఎందుకంటే మర చప్పుడుకు ఎంత గుట్టు సంగతైనా గట్టిగా అరిచి చెప్పాల్సిందే.

ఆ కబుర్లు ఊరికే పోకూడదని, బొగ్గుపొడిలో ఆకుపసరు కలిపి గిర్ని బయటి గోడకు నల్లగా పూసి, నా చేతికి చాక్‌పీసు ఇచ్చింది పెద్దమ్మ. బడి నుంచి వచ్చి, ఉడకబెట్టి ఉప్పూకారం చల్లిన మక్కగుడాలు గుప్పెడు నోట్లో వేసుకుని, బయట పిల్లలు చిర్రగోనె ఆడుతూ కేకలు పెడుతుంటే ఆ ఆట మీద ఒక చెవి వేసి, పెద్దమ్మ చెప్పింది రాసేదాన్ని. తెల్ల మేకపిల్ల తప్పిపోయింది, ఒక చెవి నలుపు. సూదులేసే నర్సమ్మ ఎల్లుండి వస్తుంది. వానాకాలం అయితే గోడ కారిపోయి నా అక్షరాలు పాలనీళ్లలా కిందికి జారేవి, ఎండాకాలం అయితే గోడ కాలి చాక్‌పీసు పట్టుకున్న వేళ్లు చుర్రుమనేవి. చదువొచ్చినవాళ్లు పైకి చదివితే రానివాళ్లు చుట్టూ నిలబడి వినేవాళ్లు. నా రాతను ఊరంతా నమ్ముతోందని నాకు కాస్త గర్వంగానే ఉండేది. కాస్త ఏమిటి, చాలానే.

ఆ గర్వమే నా కొంప ముంచింది. బళ్లో ఒకసారి వ్యాసంలో ఐతారం అని రాస్తే, టీచరమ్మ ఎర్రసిరాతో కొట్టేసి ఆదివారం అని దిద్ది, క్లాసంతా నవ్వేలా చదివి వినిపించారు. అప్పటి నుంచి పెద్దమ్మ నోట ఏ మాట వచ్చినా దాన్ని పుస్తకం మాటగా మార్చి గోడకెక్కించేదాన్ని.

సంక్రాంతికి సకినాలు చేసే రోజులొచ్చాయి. ఇంటింటా నువ్వులు వేగుతూ గల్లీలన్నీ కమ్మగా ఉండే ఆ వారంలో పెద్దమ్మ ఓ చుట్టాల పెళ్లికి కేసముద్రం పోతూ, రైలుకు తొందరపడుతూ, చెప్పులు తొడుక్కుంటూనే చెప్పింది.

"బేస్తారం పొద్దుగాల నీళ్ల సారు వస్తాండు. అందరు ఇండ్లకాడనే ఉండాలె. మంచిగ పెద్దగ రాయి బిడ్డా."

మామూలు కబురు కాదది. ధర్మసాగర్ చెరువు నుంచి వచ్చే నీళ్ల పైపు పెద్దరోడ్డు వెంట పడుతోంది. దాన్ని మా గల్లీల్లోకి తిప్పాలా, నేరుగా ముందుకు తీసుకుపోవాలా అన్నది ఆ నీళ్ల సారు, అంటే ఇంజినీరు, వచ్చి చూసి తేలుస్తాడు. అప్పటిదాకా మాకు దిక్కు చేన్లకు అవతల ఉన్న ఒక మోటబావి. మా అమ్మ నడుం ఎప్పుడూ ఒకవైపుకు ఒరిగి ఉండేది, బిందె మోసి మోసి.

బుధవారాన్ని మా ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలవరు, అది వారపు సంత జరిగే అంగడి రోజు. అందుకని పుస్తకంలోని బుధవారానికి మా ఇంటి మాట ఏదో నాకు తెలియదు. బేస్తారం బ తో మొదలవుతుంది, బుధవారమూ అంతే. ఇంకేం ఆలోచించలేదు. 'బుధవారం ఉదయం ఇంజినీరు గారు విచ్చేయుచున్నారు' అని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టాను. గురువారం మాటేమిటంటారా? బేస్తారమంటే అదేనని తెలియక, అది గురువులకు సంబంధించిందేదో అనుకునేదాన్ని.

బుధవారం కాలనీ మొత్తం పత్తి ఏరే పని మానుకుని, అంగడి మానుకుని, వాకిళ్లు ఊడ్చి ముగ్గులేసి, ఖాళీ బిందెలు వరుసగా పేర్చి కూర్చుంది. పొద్దు వాలింది. ఎవరూ రాలేదు. రైలు దిగి సంచీతో వచ్చిన పెద్దమ్మను గిర్ని ముందరే ఆపేశారు. ఎదురింటి లచ్చక్క అయితే చెయ్యి ఊపుతూ మీదికొచ్చింది.

"పొద్దంత కండ్లు కాయలు కాసినయి. సారు లేడు, గీరు లేడు. చదువు రానిదానివి, నీకెందుకే ఈ బోర్డు?"

గోడ మీద ఏముందో ఎవరో చదివి వినిపించారు. పెద్దమ్మ ఆ గోడ వంక చూసింది, పిండి బస్తాల వెనక నక్కిన నా వంక చూసింది.

"నా నోరే తప్పింది" అంది. "సారు వచ్చేది రేపు."

ఎవరూ నమ్మలేదు. ఇంకో రోజు పని పోగొట్టుకోలేమని తేల్చి చెప్పి తలుపులేసుకున్నారు. నేను నోరు తెరవలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ బస్తాల వెనక నిలబడ్డ క్షణం గుర్తొస్తే సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

మర్నాడు పొద్దున్నే జీపు వచ్చింది. సగం మంది చేన్లకు పోయారు, తక్కినవాళ్లు ఇళ్లలో అలిగి కూర్చున్నారు. ఇంజినీరు అటూ ఇటూ చూసి, ఇక్కడెవరికీ అక్కర ఉన్నట్టు లేదే అంటూ డ్రైవరుకు చెయ్యి ఊపాడు. నేను గిర్నిలోకి పరిగెత్తి పెద్దమ్మ కొంగు పట్టుకుని, బేస్తారం అంటే బుధవారం అనుకున్నానని బావురుమన్నాను.

"ఏడ్సుడు మాపటికి ఏడ్వు. ముందుగాల ఈ హ్యాండిలు మీద చెయ్యెయ్యి."

ఆ పూట కరెంటు లేదు. మూలన డీజిలు ఇంజను ఉండేది, తప్పనిసరైతే తప్ప పెద్దమ్మ దాన్ని ముట్టదు. ఇద్దరం కలిసి తిప్పాం. రెండుసార్లు దగ్గి, మూడోసారి అది టకటకమని మొదలుపెట్టి గల్లీలన్నీ అదరగొట్టింది. పెద్దమ్మ ఎత్తు నాకు అప్పుడు అర్థమైంది. ముందురోజు ఆమె తిరిగి రావడం చూసి, ఎంత కోపమున్నా ఇంటింటా సకినాలకు బియ్యం నానబోశారు. నానిన బియ్యం ఆగవు, పులిసిపోతాయి. మనిషి పిలిస్తే రానివాళ్లు గిర్ని పిలిస్తే తడి బియ్యం గిన్నెలు నెత్తిన పెట్టుకుని, కొంగులు దోపుకుని, వరసలో ముందు నిలబడాలని తోసుకుంటూ వచ్చేశారు. అందరికంటే ముందు లచ్చక్క. కదలబోయిన జీపు ఆగింది.

ఇంజినీరు ఆమె గిన్నెలోకి వంగి చూసి, ఇంత బియ్యం నానబెట్టడానికి నీళ్లెక్కడివమ్మా అని అడిగాడు.

"బాయి కాడికెల్లి మోసుకొచ్చిన సారూ. బియ్యానికి పోస్తిని, ఇయ్యాల పిల్లలకు తానం లేదు" అంది లచ్చక్క.

ఆయన నన్ను చాక్‌పీసు అడిగి తీసుకుని, గిర్ని గోడ మొదట్లో ఒక గీత గీసి, పైపు ఇక్కడికి వస్తుందన్నాడు. ఎండలు ముదరకముందే వచ్చింది కూడా.

ఆ సాయంత్రం అందరి ముందూ తప్పు నాదేనని చెప్పాను. ఎవరూ తిట్టలేదు, లచ్చక్క వేడి సకినం తెచ్చి నా చేతిలో పెట్టింది. పెద్దమ్మ మాత్రం తడిగుడ్డతో గోడంతా తుడిచి చాక్‌పీసు చేతికిచ్చింది.

"నేను చెప్పింది చెప్పినట్టే రాయి. సర్కారు తెలుగు బడిల రాసుకో."

ఆ తర్వాత ఆ గోడ మీద ఐతారం, సోమారం, బేస్తారం దర్జాగా బతికాయి.

ఇప్పుడు గిర్ని లేదు, గోడ లేదు, పెద్దమ్మా లేదు. మోటబావి ఎక్కడుండేదో నేను కూడా సరిగ్గా చూపించలేను. గిర్ని ఉన్న చోట అపార్ట్‌మెంటు లేచింది, అందులోనే నేనుంటున్నాను. గ్రూపులో ఇన్నేళ్లూ నేనూ గురువారమనే రాస్తున్నాను, ఎవరూ ఎర్రసిరా పట్టుకుని బెదిరించకపోయినా. నిన్న ఆ పిండి వాసన ఇంకా ముక్కులో ఉండగానే ఇంటికొచ్చి, 'బేస్తారం పొద్దుగాల నల్లా బంద్, నీళ్లు పట్టి పెట్టుకోండి' అని పెట్టాను.

నిమిషంలో మూడో అంతస్తులో కొత్తగా దిగిన అమ్మాయి నుంచి జవాబు వచ్చింది. "ఆంటీ, బేస్తారం అంటే బుధవారమా?"

పకపకా నవ్వాను. నవ్వుతుంటేనే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ అమ్మాయి ఇంటికి నీళ్లెక్కే పైపు భూమిలోంచి పైకి తేలేది సరిగ్గా ఆ చాక్‌పీసు గీత ఉన్న చోటే. ఇది ఫోనులో చెప్పే సంగతి కాదు. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కాను.